ఏడో ప్రశ్నలో బ్రెడ్డు బరువు

పన్నెండు గంటలు కొట్టింది. "ఇంకో గంటే ఉంది, చూసుకోండి" అని గదికంతా వినబడేలా చెప్పి మళ్లీ కుర్చీలో కూర్చున్న లెక్కల మాస్టారు, ఊరికే కూర్చోవడం చేతకాక, తాను తయారు చేసిన ప్రశ్నపత్రాన్నే చేతిలోకి తీసుకుని పొద్దుటి పేపరు చదివినంత తీరిగ్గా చదవసాగారు. ఒకటో ప్రశ్న బాగుంది, రెండోది ఇంకా బాగుంది, మూడోదాంట్లో కామా ఒకటి ఎక్కువ పడింది కానీ కామా వల్ల ఎవరూ ఫెయిలవరు, నాలుగు, ఐదు, ఆరు, ఎవరు రాశారో గానీ మంచి పేపరే అని తన వీపు తానే తట్టుకుంటూ ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయారు. "ఒక బేకరీ తాను తయారు చేసే బ్రెడ్ల సగటు బరువు 400 గ్రాములని చెబుతోంది. తనిఖీ అధికారి అనుమానించి 36 బ్రెడ్లు తూయించగా వాటి సగటు 400 గ్రాములు వచ్చింది. బ్రెడ్ల బరువుల క్రమవిచలనం 12 గ్రాములు. బేకరీ మాటను అయిదు శాతం సార్థకతా స్థాయి వద్ద పరీక్షించుము." మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. అద్దాలది ఏ పాపమూ లేదు. అక్కడా నాలుగు వందలే, ఇక్కడా నాలుగు వందలే.

మూడు వందల తొంభై నాలుగు ఉండాలి అక్కడ. ఇరవై ఏళ్ల పాటు ఆ బేకరీవాడు ఆరు గ్రాములు తక్కువ తూస్తూ మాస్టారి చేతికి చిక్కుతూనే వచ్చాడు, ఈ మూడేళ్లుగానే వాణ్ణి ఏ పేపర్లోకీ పిలవలేదు. నాలుగు వందల్లోంచి మూడు వందల తొంభై నాలుగు పోతే ఆరు, పన్నెండుని ముప్పై ఆరు వర్గమూలంతో, అంటే ఆరుతో భాగిస్తే రెండు, ఆ రెండుతో ఈ ఆరుని భాగిస్తే మూడు, తక్కువ వైపు కాబట్టి మైనస్ మూడు. అయిదు శాతానికి హద్దు ఒకటి పాయింట్ తొమ్మిది ఆరు, అది దాటి అంత దూరం పోయాడు కాబట్టి వాడి మాట చెల్లదు, శూన్య పరికల్పన తిరస్కరించడమైనది, పది మార్కులు, తరువాతి ప్రశ్న. చేతివేళ్లు నిద్రలో కూడా చేసే లెక్క అది. ఇప్పుడో? నాలుగు వందల్లోంచి నాలుగు వందలు పోతే సున్నా. సున్నాని రెండుతో భాగించినా రెండు వేలతో భాగించినా సున్నా. దొంగతనమే జరగని ఇంటికి పోలీసులు దిగి, కుర్చీలు వేయించుకుని కూర్చుని, ఏం పోలేదా, పోనీ ఇంకోసారి వెతకండి అన్నట్టుంది. ఇది టైపిస్టు పనే అయి ఉంటుంది, అనుకున్నారు ముందు, మనిషికి మొదట తోచేది ఎప్పుడూ ఎదుటివాడి తప్పే కదా. కానీ టైపిస్టుకి నోటుపుస్తకం చూసి ఒక్కొక్క పంక్తీ పైకి చదివి చెప్పింది తానే. ఆయన చెబుతుంటే ఆ పిల్ల టకటకా కొట్టుకుపోయింది. మధ్యలో ఒకసారి ఆగి, "నాలుగు వందలేనా మాస్టారూ? ఇందాకా అదే చెప్పారు" అని అడిగింది కూడాను. అడిగింది! తానేమన్నారు? "చెప్పింది కొట్టమ్మా" అన్నారు. నాలుక కరుచుకున్నారు మాస్టారు. ఇంత జరిగినా ఆ పిల్ల ఇవాళ పొద్దున్నే వచ్చి, ఆయన కుర్చీ మీద దిండు వేసి, బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి, దాని మీద మూత కూడా పెట్టి వెళ్లింది. మూత పెట్టాలని ఎందరికి తోస్తుంది?

గదిలో ఇరవై ముగ్గురు. పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చదువుకునేవాళ్ల కాలేజీ ఇది. సెలవు రోజున పరీక్ష. కిటికీ పక్కన బస్సు డ్రైవరు నిమిషానికోసారి తలెత్తి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. అద్దం చూసుకునే అలవాటు పాపం, ఆ అలవాటుకి పోయిన ఏడు రెండుసార్లు కాపీ కొడుతున్నాడని పట్టుకున్నారు. అతని వెనక క్షౌరశాల ఆయన ముందువాడి మెడ వైపు చూస్తూ ఆలోచిస్తాడు, ఆ చూపులో లెక్క ఎంతో, అక్కడ ఇంకాస్త తీయాల్సిందన్న బాధ ఎంతో చెప్పలేం. ఇద్దరూ ఏడో ప్రశ్నలోనే ఉన్నట్టున్నారు. డ్రైవరు భుజం మీదుగా చూడటం మానేసి పైకప్పు వైపు చూస్తున్నాడు. బస్సు నడిపేటప్పుడు అలా చూడడనే నమ్మకం. ఇక ముందు బెంచీలో నర్సు. ఇది ఆమెకు మూడోసారి, కాలేజీ నిబంధన ప్రకారం ఆఖరిసారి కూడా. ఈ ఒక్క పేపరు గట్టెక్కితే హెడ్ నర్సు అవుతుంది. లేకపోతే తన దగ్గర సూది పట్టడం నేర్చుకున్న అమ్మాయి కింద డ్యూటీ చేయాలి. మొదటిసారి నాలుగు మార్కులు తక్కువయ్యాయి, రెండోసారి మూడు. రెండుసార్లూ ఆ పేపర్లు దిద్దింది మాస్టారే. ఎర్ర కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో ఆ పేపర్ల ముందు! ప్రతి లెక్కా ముందు సరిగ్గా చేస్తుంది. చక్కగా, కట్టు కట్టినంత శుభ్రంగా చేస్తుంది. చేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఇంకో జవాబు రాస్తుంది, తప్పుది. కొట్టేసిన జవాబుకి మార్కులు వేయకూడదు. అడిగితే ఏమంది? "లెక్క వచ్చేస్తుంది సార్. ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసుంటాననిపిస్తుంది." అలాంటి మనిషి ముందు ఏ లెక్క పెట్టావయ్యా నువ్వు? సున్నా వచ్చే లెక్క! లోకంలో ఎవరైనా నమ్ముతారేమో గానీ సున్నాని ఆమె నమ్ముతుందా?

చూస్తూనే ఉన్నారు. రాసింది. ఆగింది. కలం మూతి పంటి కింద పెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి చేస్తోంది, పెదవులు కదులుతున్నాయి, నాలుగు వందల్లోంచి నాలుగు వందలు. లేచి నిలబడి, బల్ల గుద్ది, ఏడో ప్రశ్నలో తప్పు పడింది, మూడు వందల తొంభై నాలుగుగా చదువుకోండి అనొచ్చు. అంటే ఏమవుతుంది? సరిగ్గా చేసినవాళ్లంతా గీతలు కొట్టాలి. నర్సు కూడా కొట్టాలి, ఈసారి మాస్టారే స్వయంగా కొట్టించినట్టవుతుంది. చూశావా, తేలిగ్గా వచ్చిందంటే తప్పేనని జన్మలో ఇక మరిచిపోదు. అనకుండా కూర్చుంటేనో? తనంతట తానే కొట్టేస్తుంది. పైగా గదిలో నోరు విప్పకూడదు. ఎవరైనా చెయ్యెత్తి అడిగితే ప్రశ్న అచ్చులో ఉన్నట్టే సరి అనో, కాదనో చెప్పాలి, అంతకుమించి ఒక్క ముక్క చెప్పరాదు. ఆ నిబంధన రాసినాయన వైస్ ప్రిన్సిపాలు. కాలేజీలో అందరూ ఆయన్ని నిబంధనరావు అంటారు, ఆయనకు తెలుసు, తెలిసినా కోపం లేదు, ఎందుకంటే ముద్దుపేర్లు పెట్టకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. అదిగో ఆయన చెప్పుల చప్పుడు. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి.

ఆయనతో చెబితే? చెబితే మాస్టారి మతిమరుపు బయటపడుతుంది. ఇంతకాలం ఎవరూ పైకి అనని మాట ఒకటి ఈ కాలేజీలో తిరుగుతోంది. మాస్టారు మునుపటిలా లేరట. పోనీ దాన్నే పరీక్షకి పెడదాం, అనుకున్నారాయన, భయం వేసినప్పుడల్లా లెక్కలోకి దూరిపోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. శూన్య పరికల్పన: మాస్టారు బాగానే ఉన్నారు. తరగతిలో ఏటా చెప్పే మాటే, శూన్య పరికల్పన అంటే భయపడకండి, ఎదుటివాడి మాటను ముందు నమ్మి మొదలుపెట్టడం, అంతే. ఆ నమ్మకం నిలవలేనంత దూరం కొలతలు పోతేనే కాదనడం. సరే, కొలతలు. పోయిన నెల ఒక కాలికి నల్ల జోడు, ఒక కాలికి గోధుమరంగు జోడు వేసుకొచ్చారు. అది లెక్కలోకి రాదు, కరెంటు లేదు ఆ పొద్దున. ఒకే పాఠం రెండు రోజులు వరసగా చెప్పారు. క్లాసులో ఒక్కరూ కిమ్మనలేదు, అందరూ రెండోరోజు కూడా రాసుకున్నారు, కాబట్టి ఆ తప్పులో ఇరవై మూడు వాటాలు ఉన్నాయి. ప్రిన్సిపాలు గారిని పట్టుకుని "ఏ బ్యాచ్ అమ్మా నువ్వు?" అన్నారు. ఇది కాస్త కష్టమే. ఇప్పుడు ఈ బ్రెడ్డు. ఇవన్నీ కూడి, భాగించి చూస్తే ఒకటి పాయింట్ తొమ్మిది ఆరు దాటుతుందా? అంచుల్లో ఉంది. ప్రిన్సిపాలు గారు మంచావిడ, మొన్న టీ ఇప్పించి మరీ అన్నారు, "ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు కదా మాస్టారూ, కాస్త విశ్రాంతి తీసుకోకూడదూ?" అని. ఇంట్లో ఒక్కరే ఉండే మనిషికి విశ్రాంతి దేనికమ్మా, ఉన్నదంతా అదేగా.

తన భార్య బతికి ఉన్నప్పుడు ఇలాంటి తప్పు ఒక్కటి పడిందా ఏ పేపర్లోనైనా? పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటరు ఆవిడది. రోజంతా తూచి తూచి ఇంటికొచ్చి, వంట పొయ్యి మీద పెట్టి, ఆయన చిత్తు కాగితాలు ముందేసుకుని నోటుపుస్తకంలోకి గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసేది. లెక్కలు చదువుకోలేదు. ప్రశ్నలను కథల్లాగా చదివేది. "ఏమండీ, ఈ బల్బుల కంపెనీవాడు కూడా అబద్ధాలకోరేనా? పోయిన ఏడు టైర్లవాడు, అంతకుముందు సబ్బులవాడు. మీ ప్రశ్నల్లో ఒక్క మంచివాడు లేడేం?" అనేది. వాడు మంచివాడైతే ఇక పరీక్షించడానికేముంది అంటే, "ముందు నమ్మాలని మీరే అంటారు, తీరా నమ్మినవాణ్ణల్లా చివర్న జైల్లో వేస్తారు" అనేది. అందరికన్నా ఆ బేకరీవాడంటే జాలి ఆవిడకి. "ఆరు గ్రాములకి ఇంత రభసా? మా కౌంటర్లో తూకం మిషను ఎదురుగాలి వీస్తే ఆరు గ్రాములు తేడా చూపిస్తుంది. పైగా బ్రెడ్డు ఆరితే తగ్గదూ? ఆ తనిఖీ ఆయనకి ఇంట్లో పనేం లేదా, ముప్పై ఆరు బ్రెడ్లు ముందేసుక్కూర్చున్నాడు! తూచాక వాటినేం చేశాడు, అది రాయలేదేం?" ఆ మాటకి మాస్టారు ఆ రోజు పగలబడి నవ్వారు, ఇప్పుడు మాత్రం పెదవి చివర అణిచిపెట్టారు, పరీక్ష గదిలో పర్యవేక్షకుడు నవ్వకూడదనేది కూడా ఎక్కడో రాసే ఉంటుంది.

తనిఖీ ఆయన ముప్పై ఆరైనా తూచాడు. తను? ఆవిడ "నాకేం లేదండీ, కాస్త నీరసం, అంతే" అంది. శూన్య పరికల్పన. నమ్మి మొదలుపెట్టారు. కొలతలు తీసుకోలేదని ఎవరూ అనలేరు, రోజూ చూసేవారు, మూడు నెలల పాటు. కానీ ఎప్పుడు చూసేవారు? పొద్దున్న ఎనిమిదింటికి, కాఫీ దగ్గర. ఆ వేళకి ఆవిడ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చూడ్డానికి తయారై కూర్చునేది. నమూనా ఎలా తీయాలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, కోరి కోరి ఒక్క వేళలోనే నమూనా తీశాడు. అబద్ధాన్ని నిజమనుకుని వదిలేయడం రెండో రకం దోషం. పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న. డాక్టరు తర్వాత అన్నాడు, ముందే తెలిసినా పెద్దగా తేడా ఉండేది కాదని. నిజమో, దయతో అన్నాడో. మాస్టారు దాన్ని మాత్రం పరీక్షకి పెట్టలేదు. కొన్ని మాటలు ఎవరైనా దయతో చెప్పినప్పుడు తూచకుండా పుచ్చుకోవాలి. ఆ రోజుల్లోనే, మంచం మీద దిండ్లకి ఆనుకుని, ఆవిడ పాత ప్రశ్నలన్నీ ఒక కొత్త నోటుపుస్తకంలోకి ఎక్కించింది. "మీ చిత్తు కాగితాలు నేనుండగానే ఒక దారికి తెచ్చిపోతాను" అంటూ. ఒక్కో పేజీ పూర్తికాగానే పై మూల మడిచేది, అయిపోయిందని గుర్తు. ఆ మడతల్లో ఒక్కటి కూడా మాస్టారు ఈ మూడేళ్లలో విప్పలేదు. ఆవిడ మడిచింది, ఉండనీ.

నోటుపుస్తకం! సంచీలోనే ఉంది, కుర్చీ కాలి దగ్గర. చూసుకుంటే సరి. అందులో మూడు వందల తొంభై నాలుగు ఉంటే తప్పు తన నోటిది, ఒప్పుకుని లేచి నిలబడాల్సిందే. మతిమరుపంటే అననీ, నర్సుకి జరగాల్సిన న్యాయం జరగాలి. చప్పుడు కాకుండా సంచీ జిప్పు లాగారు, అది గదంతా వినబడేంత చప్పుడు చేసింది, డ్రైవరు అలవాటుగా, లేని అద్దం వైపు చూశాడు. బేకరీ పేజీ తీశారు. గుండ్రటి అక్షరాలు, నీలం సిరా. నమూనా సగటు దగ్గర కాగితం కాస్త గరుకుగా ఉంది, రబ్బరు పెట్టి గట్టిగా చెరిపినట్టు, ఆ గరుకు మీద స్పష్టంగా నాలుగు వందలు. మాస్టారు చాలాసేపు ఆ సున్నాల వైపు చూశారు. అప్పుడు, మూడేళ్లలో మొదటిసారి, మూల మడత విప్పారు. మడత లోపల పెన్సిలుతో, చీమలు నడిచినంత సన్నగా ఉంది: "ఈ ఒక్కసారికి వాడు నిజమే చెప్పాడనుకోండి, పాపం. పిల్లలకి కూడా ఒక మంచివాణ్ణి చూపించండి. తిట్టకండేం."

మాస్టారు మూత తీసి నీళ్లు తాగారు. మూత పెట్టారు. మళ్లీ తీసి తాగారు. అయితే తప్పు పడలేదన్నమాట. ఎవరైనా లెక్క చేసి చూడండి, ఎక్కడా తప్పు లేదు: అనుమానించారు, తూచారు, తేడా సున్నా, వాడి మాటను కాదనడానికి ఆధారం లేదు. ఇరవై ఏళ్లలో ఒక్క పాఠ్యపుస్తకానికీ తోచని లెక్క. ముప్పై ఆరు బ్రెడ్ల సగటు చుక్క తేడా లేకుండా నాలుగు వందలు రావడం అరుదే, అరుదని రాకూడదా?

"సార్." నర్సు చెయ్యెత్తింది. రెండో చేతిలోని కలం కొస అప్పటికే కాగితానికి ఆనింది, జవాబు మీద, అడ్డగీత మొదలయ్యే చోట. "సార్, ఏడో ప్రశ్న... అచ్చుతప్పు పడిందా సార్?"

గది గదంతా తలెత్తింది. వరండాలో చెప్పుల చప్పుడు సరిగ్గా తలుపు దగ్గర ఆగింది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"లేదమ్మా. ప్రశ్న అచ్చులో ఎలా ఉందో అలాగే సరి." నిబంధన అక్కడితో అయిపోయింది. నోరు మూసుకోవాల్సిన చోటు అదే. ఆయన ఆ కలం కొస వైపు చూశారు. "కొట్టేయకండి."

"మాస్టారూ," అన్నారు వైస్ ప్రిన్సిపాలు తలుపులోంచి, బాధ నిండిన గొంతుతో, "ఆ చివరి మాట నిబంధనల్లో లేదండీ."

"అది లెక్క గురించి కాదండీ, కాగితం శుభ్రత గురించి. కొట్టివేతలు లేకుండా రాయవలెనని ప్రశ్నపత్రం పైన మీరే వేయించారు."

వైస్ ప్రిన్సిపాలు లోపలికి వచ్చి, ఖాళీ బెంచీ మీది ప్రశ్నపత్రం తీసుకుని, పైభాగం చదివారు. మూడో సూచన. నిజమే, ఉంది. ఆయన ముఖంలో ఒక రకమైన తృప్తి కనబడింది, ఎవరో ఇన్నాళ్లకి తన రచన చదివారన్నట్టు. "అయితే సరే" అని, తలుపు మెల్లగా దగ్గరకి వేసి వెళ్లిపోయారు. ఆ తలుపు కిర్రుమనలేదు. ఎవరో ఈ మధ్య నూనె వేసినట్టున్నారు, ఎవరో గానీ చల్లగా ఉండాలి.

నర్సు కలం ఇంకా ఆ చోటే ఉంది. మాస్టారు చూడకూడదని కిటికీ వైపు తిరిగారు. కిటికీ అద్దంలో ఆమె కనబడుతోంది, డ్రైవరు అలవాటు ఎంత మంచిదో అప్పుడు తెలిసింది. ఆమె కలం ఎత్తింది. మూత పెట్టింది. మళ్లీ మూత తీసింది, అయిపోయింది అనుకున్నారాయన, కానీ పేజీ తిప్పి ఎనిమిదో ప్రశ్న మొదలుపెట్టింది. ఎండ చార ఒకటి కటకటాల మధ్య నుంచి ఆమె బెంచీ మీదికి పాకి, అక్కడి నుంచి క్షౌరశాల ఆయన మోచేతి దాకా వెళ్లేసరికి ఒంటి గంట కొట్టింది.

పేపర్లు ఒక్కొక్కటీ తీసుకున్నారు. డ్రైవరు ఏడో జవాబు కింద రాశాడు: "సరిగ్గా 400 రావడమే అనుమానంగా ఉంది. తూచేవాడు బేకరీవాడి బంధువేమో కనుక్కోవలెను." సగం మార్కులైనా వేయాలి. క్షౌరశాల ఆయన సున్నా రాసి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాడు. నర్సు పేపరు చివరగా వచ్చింది. "చూడొద్దు సార్, నేను వెళ్లాక చూడండి" అని చేతిలో పెట్టేసి, డ్యూటీకి వేళయిందని గబగబా మెట్లు దిగిపోయింది. ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఆగి మాస్టారు ఏడో ప్రశ్న తీశారు. సున్నా. కింద పంక్తి: "బేకరీ మాటను తిరస్కరించడానికి ఈ నమూనాలో ఆధారం లేదు." ఆ 'సున్నా' మొదట్లో ఒక సిరా చుక్క ఉంది, కలం చాలాసేపు ఆనిన చోట. గీత మాత్రం లేదు. వెనక్కి తిప్పి చూశారు. ఒకటి నుంచి ఆరు వరకు గీతలే గీతలు, ఆరింట్లో నాలుగు పోయాయి. ఏడు నుంచి పది వరకు ఒక్క గీత లేదు. మనసులోనే కూడారు. రెండోసారి కూడారు, కూడికలో తనను తాను నమ్మకూడదు కదా ఈ రోజుల్లో. రెండుసార్లూ గట్టెక్కింది, రెండు మార్కుల మిగులుతో.

కట్ట కట్టి, నోటుపుస్తకం సంచీలో పెట్టబోతూ ఆగి, మూల మడత మళ్లీ ఉన్నట్టే మడిచారు. ఇప్పుడు అందులో ఏముందో తెలుసు కాబట్టి మడతకి ఇంకాస్త బరువు వచ్చినట్టనిపించింది. గ్లాసు మీద మూత సరిచేశారు. మెట్ల దగ్గర వైస్ ప్రిన్సిపాలు ఎదురొచ్చి, పేపర్ల కట్ట అందుకుని, ఆయన ముఖంలోకి, ఆ తర్వాత, ఎందుకైనా మంచిదన్నట్టు, ఆయన కాళ్ల వైపు చూశారు. రెండు జోళ్లూ నల్లవే.

"మాస్టారూ, అంతా బాగానే ఉందా?"

మాస్టారు కాసేపు నిజాయితీగా ఆలోచించారు.

"కాదనడానికి ఇంతవరకు ఆధారమేమీ దొరకలేదండీ" అన్నారు.